వెనక్కి తీసుకోని మాట

మా ఆయన దేవుడి బియ్యం తినలేదు. ఈ ఒక్క ముక్క చెప్పడానికే ఇన్నేళ్ళకి కలం పట్టాను. అప్పట్లో నర్సీపట్నంలో మా చర్చిలో చాపల మీద కూర్చున్న వాళ్ళలో ఎవరైనా ఇంకా బతికుంటే వింటారని ఆశ. వినకపోయినా ఫరవాలేదు, నా మాట వినకపోవడం వాళ్ళకి కొత్త కాదు.

దేవుడి బియ్యం అంటే తెలియని వాళ్ళ కోసం ముందు అది చెప్తాను. మా క్రైస్తవుల ఇళ్ళలో ఆడవాళ్ళు పూటపూటకీ వంటకి బియ్యం కొలుచుకున్నాక, అందులోంచి ఒక పిడికెడు తీసి పక్కనున్న కుండలో వేస్తారు. ఆదివారం ఆ కుండ చర్చికి తీసుకుపోయి అక్కడి గంపలో ఒంపుతారు. పాస్టరుగారి ఇంటికి కొంత, దిక్కులేని ముసలివాళ్ళకి కొంత అందులోంచి వెళ్తుంది. ఇంట్లో గంజి కాచుకునే రోజైనా ఆ పిడికెడు తప్పదు. ఆ కుండలో చెయ్యి పెట్టి తిన్నవాడు మా వాళ్ళ దృష్టిలో చర్చిని దోచిన దొంగతో సమానం. మా ఇంట్లో ఆ కుండ పొయ్యి వెనక గూట్లో ఉండేది. నేను తప్ప ఎవరూ దాన్ని ముట్టేవారు కాదు.

మా ఆయన మిషను బడిలో మాస్టారు. పొడుగాటి మనిషి. బోర్డు మీద రాస్తే అచ్చు వేసినట్టుండేది. మామూలు రోజుల్లో ఎంత నెమ్మదస్తుడంటే, కూరలో ఉప్పు తక్కువైతే అడగడానికి కూడా మొహమాటపడేవారు. నాకేమో నోరెక్కువ. ఒకరికి మాట పెగలదు, ఒకరికి మాట ఆగదు, దేవుడు చూసి చూసి జత కట్టాడని మా అత్తగారు అనేది. ఆవిడ విధవరాలు, మాతోనే ఉండేది. ఆ మామూలు రోజుల గురించి రాద్దామంటే ఏమీ ఉండదు. ఆయన బడికెళ్ళేవారు, వచ్చేవారు, పిల్లనెత్తుకునేవారు. నేను ఎక్కువగా ఏడ్చింది ఆ రోజుల కోసమే.

పెళ్ళయిన మొదటి వేసవిలో నాకేమీ అర్థం కాలేదు. మామిడి పిందెలు పడే వేళకి ఆయనకి నిద్ర తగ్గిపోయింది. తెల్లవారకముందే లేచి నూతి దగ్గర నీళ్ళు పోసుకుంటూ పాటలు పాడేవారు. కొత్త కాపురం కదా, నన్ను చూసుకునే ఈ సంతోషమంతా అనుకుని సిగ్గుపడ్డాను కూడా. వానలు పడి నాట్లు మొదలయ్యేసరికి ఆ మనిషే మంచం దిగలేదు. మన్యం పక్కన ఊరు, మనిషి పడుకుంటే జ్వరం కాక మరేమిటనుకుంటాం? క్వినైను మింగించాను. క్రిస్మసు దగ్గరపడే సరికి తనంతట తనే లేచి గడ్డం గీసుకుని బడికి వెళ్ళారు. క్వినైను పనిచేసిందని నేను పదిమందికీ చెప్పాను.

మరుసటి వేసవికి మా పిల్ల ఒళ్ళో ఉంది. ఆ ఏడు ఊరంతా చూసింది. బడి వదలగానే ఆయన నడిచి రోలుగుంట పోయేవారు, మర్నాడు రావికమతం. దారిలో ఎదురైన ప్రతివాడికీ వాక్యం చెప్పడమే. కొండల్లో గొడవలని ఊరి నిండా పోలీసు డేరాలుండేవి. తుపాకులు తుడుచుకుంటున్న వాళ్ళ మధ్యకి వెళ్ళి నిలబడి పాట ఎత్తుకున్నారట, వాళ్ళు నవ్వి టీ ఇచ్చి పంపారట. ఏటికొప్పాక వెళ్ళి గంపెడు లక్కబొమ్మలు తెచ్చి, సంతకి దిగిన కొండవాళ్ళ పిల్లలకి పంచేశారు. సొంత పిల్లకి ఒక్కటి మిగల్చలేదు. కొండ మీద బడి కడతానన్నారు. ఆ మాట పూర్తయ్యేలోపే హార్మోనియం నేర్చుకుంటానన్నారు. అన్నం ముందు కూర్చుని రెండు ముద్దలు తిని, ఏదో గుర్తొచ్చి ఎంగిలి చేత్తోనే వీధిలోకి వెళ్ళిపోయేవారు.

అయితే ఒకటి చెప్పాలి. అంత బాగా ఆయన మరెప్పుడూ పాడలేదు. ఆయన నిలబడి మాట్లాడుతుంటే నాకే ఒళ్ళు జలదరించేది. తాగుబోతులు కల్లు మానుకున్నారు, ఒకరి మొహం ఒకరు చూడని అన్నదమ్ములు వచ్చి పక్కపక్కన కూర్చున్నారు. మా చర్చి ఎన్నో ఏళ్ళుగా ఉజ్జీవం కోసం ప్రార్థన చేస్తోంది. పరిశుద్ధాత్మ వేరే ఊళ్ళలో దిగిందని వినడమేగాని మా ఊరు రాలేదు. ఇప్పుడొచ్చింది అన్నారు, అది మా ఆయన మీద దిగింది అన్నారు. మిషను దొరగారు క్యాంపుకి వచ్చినప్పుడు ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకున్నారు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటారే, అదీ మా సంగతి. ఒక సంత రోజున ఇంట్లో ఉన్న బియ్యం బస్తా వీధిలోకి లాగి, వచ్చినవాళ్ళకల్లా కొలిచి పోసేశారు. మేం చూసుకునేసరికి ఇంట్లో మిగిలింది గూట్లో ఉన్న దేవుడి కుండ ఒక్కటే. అంత పొంగులోనూ ఆయన దాని జోలికి పోలేదు. మా అత్తగారు పక్కింటికి వెళ్ళి చేటెడు బియ్యం అడిగి తెచ్చింది, నేను ఆ చేటలోంచే పిడికెడు తీసి కుండలో వేసి తరవాత ఎసరు పెట్టాను.

ఆ ఏడూ వానలొచ్చాయి. ఆయన మాట ముందు తగ్గింది, తరవాత నడక తగ్గింది. బోర్డు మీద అక్షరాలు చిన్నవైపోయి, చివరి బెంచీ పిల్లలకి కనిపించేవి కావట. తరవాత బడికే వెళ్ళలేదు. గోడవైపు తిరిగి కూర్చునేవారు. పిల్ల పాకుతూ వెళ్ళి మోకాలు పట్టుకుంటే దాని వంక చూసేవారు గాని చెయ్యి లేచేది కాదు. నన్ను చూసి ఒకటే అనేవారు, "నా వల్ల మీకందరికీ కీడు." ఆ మాట వింటే నాకు కోపం వచ్చేది, కోపం వెనకాలే ఏడుపు వచ్చేది.

సంఘ పెద్దలు వచ్చారు. మంచి మనుషులే, తిట్టుకోవడానికి నాకు మనసొప్పదు. మా పిల్లకి అమ్మవారు పోసినప్పుడు వాళ్ళ ఆడవాళ్ళే పగలంతా వచ్చి కూర్చున్నారు. కానీ వాళ్ళకి తెలిసిన లెక్క ఒకటే. ఆత్మ వచ్చి ఉన్న మనిషి ఇలా చీకట్లో పడ్డాడంటే ఆత్మ వెళ్ళిపోయింది, ఆత్మ వెళ్ళిపోయిందంటే ఎక్కడో దాచిన పాపం ఉంది. అది బయటపెడితే వెలుగు తిరిగి వస్తుంది. వాళ్ళలో పెద్దాయన దర్జీ. మోకాళ్ళ మీద వంగి మా ఆయన చెయ్యి పట్టుకుని కన్నీళ్ళు పెట్టుకుంటూ అడిగేవాడు.

"సెప్పీ నాయనా. ఏటి దాసినావో సెప్పీ. సెప్పీస్తే బరువు దిగిపోద్ది."

ఆయన తల వంచుకుని ఆలోచించేవారు. వెళ్ళిపోయాక కూడా ఆలోచిస్తూనే ఉండేవారు. పొద్దున్న లేస్తే మొహంలో వెతుకులాట కనిపించేది. లేని పాపాన్ని ఎక్కడ పెట్టానా అని వెతుక్కుంటున్న మనిషిని చూస్తూ నేను పొయ్యి ఊదుకునేదాన్ని.

ఒక మధ్యాహ్నం చింతపండు గింజలు తీస్తూ మా అత్తగారు గొంతు తగ్గించి మాట్లాడింది.

"సూడమ్మీ, నీకో మాట సెప్తాను, ఎవుల్తోటీ అనకు. మీ మావ తమ్ముడొకడుండీవోడు, నాను కాపరానికొచ్చిన కొత్తల్లో. ఏసంగొస్తే ఆడి కాళ్ళాగీవి కావు. అమ్మోరు పూనిందనీసి ఊరంతా ఆడికి పసుపునీళ్ళు పోసీవోరు. ఆడేటి సెప్తే అదే వాక్కు. వానలొస్తే ఇదిగో ఈడినాగే గోడకి తిరిగి కూకునీవోడు. అమ్మోరు నిన్నెందుకొగ్గీసింది, ఏటి మైల సేసినావు, సెప్పు సెప్పు అనీసి ఆడి పేనం తోడీసినారు. మనోల్లు అప్పటికింకా ఈ మతంలో కలవనేదు."

"తరవాత ఏమైంది అత్తా?"

"ఏటవుద్ది. ఒక పొద్దున్న నూతిలో తేలినాడు."

ఆవిడ మళ్ళీ గింజలు తియ్యడంలో పడింది. నా చేతులు ఆగిపోయాయి. ఆ చిన్నాన్నగారికి అమ్మవారు, మా ఆయనకి పరిశుద్ధాత్మ. దేవుళ్ళు మారారు గాని నెలలు మారలేదు. ఆ ఇంటి మగవాళ్ళకి ఎండల్లో వస్తోంది, వానల్లో పోతోంది. పైకి లేచినప్పుడు మొక్కేవాళ్ళే, కింద పడినప్పుడు తప్పు చెప్పమని చుట్టూ మూగుతున్నారు. ఇది ఒంట్లో ఉన్నదే, నెత్తురులో ఉన్నదే అని నాకు ఆ మధ్యాహ్నం తెలిసింది. ఆ సాయంత్రమే మా నూతి మీదకి వెదురు తడక ఒకటి అల్లించాం. నీళ్ళు తోడుకోవాలంటే మేమిద్దరం పడితేగాని అది లేవదు.

మా మనవరాలు ఇప్పుడు డాక్టరు. ఈ జబ్బుకి పుస్తకాల్లో పేరుందనీ, ఉన్మాదం, దిగులు ఒకదాని వెనక ఒకటి తిరిగి తిరిగి వస్తాయనీ, తరతరాలకీ దిగుతుందనీ చెప్పింది. మాత్ర కూడా ఉందట. మా కాలానికి పేరు కూడా లేదు. ఆసుపత్రిలో చూపిస్తే నరాల నీరసం అన్నారు, టానిక్కు ఇచ్చారు. అది తీపిగా ఉండేది, ఆయన తాగారు.

అప్పుడొచ్చింది ఆ బల్ల ఆదివారం. ప్రభువు బల్ల అంటే రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడం. ఆ రోజు రొట్టె విరవబోయే ముందు, మనసులో ఏదైనా ఉన్నవాళ్ళు లేచి ఒప్పుకోవచ్చని పాస్టరుగారు అంటారు. ఎవరూ లేవరు, అది ఒక పద్ధతి, అంతే. పాస్టరుగారిని మేం అయ్యగారనే పిలిచేవాళ్ళం. అయ్యగారు ఆ మాట అనగానే మగవాళ్ళ వైపు నుంచి మా ఆయన లేచి నిలబడ్డారు. నెలల తరబడి ఒంగిపోయి ఉన్న మనిషి నిటారుగా నిలబడ్డారు.

"దేవుడి బియ్యం నేను తిన్నాను."

"ఎప్పుడు నాయనా?" అన్నారు అయ్యగారు మెల్లగా.

"చాలాసార్లు. గూట్లో కుండలోంచి తీసి తిన్నాను. అందుకే దేవుడు నన్ను విడిచిపెట్టేశాడు."

చర్చి అంతటా ఊపిరి వదిలిన చప్పుడైంది. పోయిన వస్తువు దొరికినప్పుడు ఇల్లాలు వదిలే ఊపిరిలా ఉంది అది. దర్జీ కళ్ళు మూసుకుని దేవుడికి స్తోత్రం చెప్పాడు. మా ఆయన మొహం చూశాను. తేలికపడి ఉంది. వెతకగా వెతకగా ఆయనకి ఒక పాపం దొరికింది, దాన్ని రెండు చేతులా పట్టుకున్నారు.

మింగమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. నేను ఊరుకుంటే ఆయన దొంగ. కొన్నాళ్ళు బల్లకి దూరం పెడతారు, తరవాత క్షమించి చేర్చుకుంటారు. బడి పోతుంది, పేరు పోతుంది, మా పిల్ల దేవుడి బియ్యం తిన్నవాడి కూతురవుతుంది. అదైనా ఓర్చుకుందును. కానీ ఈ పాపం ఒప్పుకున్నాక కూడా వెలుగు రాదని నాకు తెలుసు. వెలుగు రాకపోతే వాళ్ళు ఇంకో పాపం అడుగుతారు. ఆయన ఇంకోటి వెతుక్కుంటారు. ఆ వెతుకులాట ఎక్కడ ఆగుతుందో మా అత్తగారు చెప్పింది. లేచి మాట్లాడితే ఆయన పిచ్చివాడు. మా చర్చిలో ఆడవాళ్ళు లేచి మాట్లాడే ఆచారం లేదు. మా అత్తగారు నా కొంగు పట్టుకుంది, నేను విడిపించుకుని లేచాను.

"అది అబద్ధమండి," అన్నాను. "ఆ కుండ నా చేతి కింద ఉంటుంది. ఒక్క గింజ పోలేదు."

అయ్యగారు కళ్ళద్దాలు తీశారు. దర్జీ నా వైపు తిరిగాడు. "తన మీద తానే అబద్ధం సెప్పుకునీవోడుంటాడేటమ్మా?"

"జబ్బు చేస్తే ఉంటాడండి. ఆయనకి ఒంట్లో బాగులేదు. జ్వరం కాదు, మనసుకి పట్టిన జబ్బు. వానలొస్తే ఇలా కుంగదీస్తుంది. వాళ్ళ చిన్నాన్నగారికీ ఉండేదట."

అక్కడ ఆగి ఉంటే సరిపోయేదేమో. అయ్యగారి మొహం మెత్తబడింది. ఆడవాళ్ళలో ఒకరిద్దరు అయ్యో అన్నారు. జబ్బు మనిషిని తప్పు పట్టే సంఘం కాదు మాది. అయ్యగారు జాలిగానే అడిగారు.

"మరి వేసవిలో అంత బాగున్నాడు కదమ్మా?"

"వేసవిలోనూ బాగులేదండి. అదీ జబ్బే. అదే జబ్బు."

వెనక నుంచి ఒక మగ గొంతు ఏడుపుతో వచ్చింది. ఆ వేసవిలో కల్లు మానేసిన మనిషి అతను. "మరి నానేటి ఇన్నాను? నానేటి నమ్మినాను?" అని అడిగాడు. మా ఆయన మాట విని బతుకు బాగుచేసుకున్నవాళ్ళు ఆ చాపల మీద ఎంతోమంది ఉన్నారు. వాళ్ళ మొహాలు చూస్తే నాకు భయం వేసింది. పరిశుద్ధాత్మను జబ్బనడం కన్నా పెద్ద పాపం లేదని దర్జీ అన్నాడు. ఆ మాట వెనక్కి తీసుకోమని అయ్యగారు అడిగారు. నేను తీసుకోలేదు. మా ఆయన్ని పశ్చాత్తాపం కనిపించేదాకా, నన్ను మాట వెనక్కి తీసుకునేదాకా, బల్లకి దూరం పెట్టారు.

ఇంటికి వస్తుంటే తాలూకా కచేరీ దాటాక ఆయన ఆగారు. ఆదివారం కాబట్టి అక్కడ ఎవరూ లేరు. పిల్లని భుజం మార్చుకుంటూ నేనూ ఆగాను.

"వేసవిలో నాకు వినిపించిన దేవుడి గొంతు కూడానా?" అని అడిగారు.

అబద్ధం చెప్పాలనిపించింది. ఒక మంచి అబద్ధం నోటిదాకా వచ్చింది కూడా. కానీ సగం జబ్బు, సగం దేవుడు అంటే ఆ సగం ఎందుకు పోయిందని ఆయన మళ్ళీ వెతుక్కుంటారు.

"అవునండి. అది కూడా," అన్నాను.

ఆయన అక్కడే దుమ్ములో కూర్చుండిపోయారు. ఒక మనిషి దగ్గర ఉన్నదంతా ఒక్క మాటతో లాక్కున్నానని నాకు తెలుసు. మా అత్తగారు వచ్చి, "లే నాయనా, బేగి ఎల్లిపోదాం, ఎండెక్కిపోతంది," అని చెయ్యి పట్టుకుని లేపింది. నాతో మాత్రం ఇంటికొచ్చేదాకా మాట్లాడలేదు. వచ్చాక, "ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి," అని పొయ్యి దగ్గరికి పోయింది.

బడికి వేరే మాస్టారు వచ్చారు. నేను ఆడపిల్లలకి కుట్టుపని చెప్పి ఇల్లు లాక్కొచ్చాను. ఆయన ఆ చలికాలం ఎలా గడిపారో ఏమిటో, గడిపారు. ఇంకో పాపం కోసం వెతకడం మాత్రం మానేశారు. ఎప్పుడైనా మొదలుపెడితే, "అది జబ్బండి, మీరేమీ చెయ్యలేదు," అనేదాన్ని. నమ్మేవారో లేదో తెలియదు. వినేవారు.

మళ్ళీ మామిడి పూసింది. ఒక తెల్లవారుజామున నూతి దగ్గర పాట వినిపించింది. మంచం మీద పడుకునే నేను కళ్ళు మూసుకున్నాను. పక్కన పిల్ల లేచి నవ్వింది, దానికి వాళ్ళ నాన్న గొంతంటే ఇష్టం. ఊరికి కూడా ఇష్టమే. వారం తిరక్కుండానే పెద్దలు దండతో వచ్చారు. పాపం ఒప్పుకున్నాడు కాబట్టి ఆత్మ తిరిగి వచ్చింది, చూడండి ఆ మొహంలో వెలుగు అన్నారు. దర్జీ ఆనందం పట్టలేక మా ఆయన్ని కావలించుకున్నాడు. తరవాతి బల్ల ఆదివారం నాడు ఆయన్ని తిరిగి చేర్చుకున్నారు.

నేనూ వెళ్ళాను, వెనక గుమ్మం దగ్గర కూర్చున్నాను. రొట్టె తీసుకోబోయే ముందు మా ఆయన ఇటు తిరిగారు. చర్చి అంతా వినేలా, ప్రేమగా, నవ్వుతూ మాట్లాడారు.

"లే. ఇప్పుడు చెప్పు అందరికీ. ఇది జబ్బా? నన్ను చూడు. ఇది జబ్బులా ఉందా నీకు?"

లేదు. జబ్బులా లేదు. అంత అందంగా ఏ మనిషీ ఉండడు. ఆయన కళ్ళు మెరుస్తున్నాయి, కింద నలుపు కమ్మిన గుంటలు నాకొక్కదానికే కనిపిస్తున్నాయి. ఒక్క మాట అంటే అయిపోతుంది. నాకూ రొట్టె దొరుకుతుంది, ఆడవాళ్ళు మళ్ళీ మా ఇంటికి వస్తారు, ఆయన చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకెళ్తారు. కానీ ఇవాళ ఈ మాట వదిలేస్తే, వానలొచ్చి ఆయన గోడవైపు తిరిగిన రోజున నా దగ్గర చెప్పడానికి ఏం ఉంటుంది? ఏ మొహం పెట్టుకుని, మీరేమీ పాపం చెయ్యలేదు అంటాను? నేను తల అడ్డంగా ఊపాను.

ఆయన నవ్వు పోయింది. "నా సంతోషం నీకు గిట్టదు," అన్నారు. అందరి ముందూ అన్నారు. తరవాత మోకరించి నా ఆత్మ కోసం గట్టిగా ప్రార్థన చేశారు, సంఘమంతా ఆమెన్ అంది. రొట్టె పళ్ళెం ఆడవాళ్ళ వైపు వచ్చినప్పుడు నా పక్కావిడ దాన్ని నా తల మీదుగా అవతలావిడకి అందించింది. మా అత్తగారు తన వంతు తీసుకుంది. నేనేమీ అనుకోలేదు, ముసలావిడకి ఆ మాత్రం ఉండాలి కదా.

ఆ వేసవంతా ఆయన నాతో మాట్లాడలేదు. నేను అన్నం పెడితే తినేవారు కాదు, అత్తగారు పెడితే రెండు ముద్దలు తిని వెళ్ళిపోయేవారు. విశ్వాసం లేని ఇల్లాలని నా గురించి రోలుగుంటలో కూడా చెప్పారట. నాకు కోపం వచ్చింది, దాచుకోను. ఈ మనిషి కోసమా నేను ఇంత చేసింది అని గింజుకున్నాను. నా సంతోషం నీకు గిట్టదు అన్న మాట చెవిలో తిరుగుతూనే ఉండేది, ఎందుకంటే అందులో నిజం ఉంది. ఆయన సంతోషం చూస్తే నాకు భయం. పెళ్ళాం మొగుడి నవ్వు చూసి భయపడే కాపురం ఎవరికీ వద్దు.

ఇలా చాలా ఏళ్ళు జరిగింది. ఆయన చివరికి మంచం మీదే, మామూలు జ్వరంతో, మా చేతుల్లో పోయారు. నేను ఆ బల్ల మళ్ళీ ముట్టలేదు. కానీ అవన్నీ తరవాతి సంగతులు. ఆ ఏడు వానల గురించి చెప్పి ముగిస్తాను.

వానలు ఆలస్యంగా వచ్చాయి, వచ్చాక ఆగలేదు. ఆయన మాట తగ్గింది, నడక తగ్గింది, గోడవైపు తిరిగారు. పెద్దలు వచ్చి వెళ్ళారు. ఈసారి ఏం దాచావు నాయనా అని అడిగి వెళ్ళారు. ఆయన తిండి పూర్తిగా మానేశారు. అత్తగారు బతిమాలింది, ఏడ్చింది, ఏం లాభం లేకపోయింది. ఒక సాయంత్రం దీపం వెలిగించే వేళ నేను గంజి పోసుకుని వెళ్ళి, గోడకీ ఆయనకీ మధ్య ఉన్న కాస్త చోటులో కూర్చున్నాను. నన్ను చూడక తప్పలేదు. చర్చిలో ఆ ఆదివారం తరవాత నా మొహం చూడడం అదే మొదలు. చాలాసేపు చూశారు. తరవాత మెల్లగా అడిగారు.

"అది జబ్బే కదా?"

"జబ్బేనండి."

"చర్చిలో నేను అడిగినప్పుడు... నువ్వు ఆ మాట వెనక్కి తీసుకోలేదు కదా?"

"లేదండి. తీసుకోలేదు."

ఆయన చెయ్యి చాపి గిన్నె అందుకుని గంజి తాగారు.